ఇద్దరి ఉంగరాలూ ఒకే తూకంలో ఉండాలనడం తప్పా?

నల్లగొండ నర్సు

అందరికీ నమస్కారం. పదిహేను రోజులుగా మా ఇంట్లో ఒకే విషయం మీద వాదన నడుస్తోంది. పెళ్లైన అక్కలూ, పెద్దవాళ్లూ, బంగారం పని తెలిసినవాళ్లూ ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

నాకు సంబంధం ఖాయమైంది. అబ్బాయిది మహబూబ్‌నగర్ వైపు, జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. నేను నల్లగొండలో స్టాఫ్ నర్సును. పూలు పండ్లు అయ్యాయి, వచ్చే నెల నిశ్చితార్థం. అన్నీ సాఫీగానే జరిగాయి కానీ ఉంగరాల దగ్గర ఆగిపోయాం.

అల్లుడికి తులం ఉంగరం పెట్టాలని మా నాన్న పట్టు. అటువాళ్లు నోరు తెరిచి అడగలేదు. కానీ వాళ్ల పెద్ద కోడలి పుట్టింటివారు తులం పెట్టారన్న మాటను మధ్యవర్తి మా చెవిన వేశాడు. నాకు పెట్టేది మాత్రం మూడు గ్రాములట. ఇవేవీ కాదు, నాకు వజ్రపుటుంగరం తొడగాలని అబ్బాయి కోరిక. స్నేహితులందరి నిశ్చితార్థాల్లో అదే చూశారు.

నా ఆలోచన వేరు. రెండూ సాదా ఉంగరాలు కావాలి. 22 క్యారెట్లు, ఒక్కొక్కటి నాలుగు గ్రాములు, ఒకే ఔసలి చేతి పని. ఆయనది నా జీతంతో, నాది ఆయన జీతంతో. వార్డులో రాయి పైకి లేచిన ఉంగరం పెట్టుకుంటే గ్లౌజు చిరుగుతుంది, రాయి కింద మురికి నిలుస్తుంది. రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతామో నర్సులకు తెలుసు. ఇక ఆయన పని మందులు తయారయ్యే విభాగంలో. అక్కడికి ఏ నగతోనూ వెళ్లనివ్వరు. తులం ఉంగరం చేయిస్తే అది వేలికి ఉండేది ఆదివారాలే.

"ఒకే తూకమంటే మనల్ని పిసినారులనుకుంటారు" అని అమ్మ భయపడుతోంది. నిజంగా అలా అనుకుంటారా?

పాలమూరు పంతులు

అమ్మా, నీ ఉద్దేశం మంచిది. కానీ సమానం అన్న మాట దగ్గర నేను నీతో ఏకీభవించను. ముప్పై ఏళ్లు పల్లెల్లో పనిచేశాను. ఎన్నో పెళ్లిళ్లు చూశాను, కొన్ని విడిపోవడాలూ చూశాను.

పెళ్లినాడు ఆడపిల్ల ఒంటి మీదికి వచ్చే బంగారం అలంకారం కోసం కాదు. అది ఆమె సొంత ఆస్తి. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని, భర్తగానీ అత్తమామలుగానీ దాన్ని కేవలం దాచిపెట్టేవాళ్లేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టిల్లు వదిలి వెళ్లేది నువ్వు. ఉద్యోగం మానాల్సి వస్తే, పిల్లల కోసం రెండేళ్లు ఇంట్లో ఉండాల్సి వస్తే, ఆ లోటు నీది. అలాంటప్పుడు అబ్బాయికి నాలుగు గ్రాములు, నీకూ నాలుగు గ్రాములు అంటే న్యాయం ఎలా అవుతుంది? నీది ఎనిమిది, అతనిది నాలుగు అని అడుగు. నేను నీ వెంట ఉంటాను.

మధ్యవర్తి మాట గురించి మీ నాన్నగారికి ఒక సంగతి చెప్పు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగకుండా ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుక నేరం కాదు, అడిగితే నేరం. పెద్ద కోడలి ఉంగరం ప్రస్తావన చెవిన వేయడం అడగడం కాదా? నా దృష్టిలో అది అడగడమే.

వనపర్తి కోడలు

చెల్లెమ్మా, నా అనుభవం చెబుతాను. 2009లో నా నిశ్చితార్థం. మా అత్తగారు నాకు అయిదు గ్రాముల ఉంగరం పెట్టారు. పైన ఆకు చెక్కడం, మధ్యలో ఎర్రరాయి. ఎంతో ముచ్చటపడ్డాను. మూడేళ్లకు బోరు ఎండి రెండోది వేయించాల్సి వచ్చినప్పుడు, దాన్నే కుదువ పెట్టడానికి తీసుకెళ్లాం. తూకం వేస్తే రాయి, దాని కింద నింపిన లక్క పోగా బంగారం మూడున్నర గ్రాములే తేలింది. ఆ రోజు కలిగిన బాధ ఇంకా గుర్తుంది. అత్తగారు మోసం చేయలేదు, ఆమెనూ మోసం చేశారు. బిల్లు మీద మొత్తం తూకమే రాసి ఉంది, నికర బంగారం ఎంతో రాయలేదు.

అందుకే సాదా ఉంగరమన్న నీ మాట నాకు నచ్చింది. నీ పెళ్లి, నీ వేలు. కానీ రాయి ఉన్నది కొంటే మాత్రం బంగారం తూకం విడిగా, రాయి తూకం విడిగా బిల్లులో రాయించుకో. సిగ్గుపడకు.

నకిరేకల్ కుర్రాడు

నేను హైదరాబాద్‌లో ఉంటాను, నిరుడే పెళ్లైంది. పెళ్లికొడుకు తరఫున మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి నేను మాట్లాడతాను.

అక్కా, బావగారికి వజ్రం తొడగాలని ఉందంటే దాన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేయకండి. మన పెళ్లిళ్లలో మగవాడు స్వయంగా ఎంచి, స్వయంగా కొని అమ్మాయికి ఇచ్చేది ఏముంది? చీరలు అమ్మ, అక్క చూస్తారు. పుస్తెలు పెద్దలు చేయిస్తారు. ఈ ఒక్క ఉంగరమే అతని చేతిలో ఉంది. నేను ఆరు నెలలు డబ్బు దాచి ప్రయోగశాలలో పెంచిన వజ్రం కొన్నాను. అదీ కార్బనే, భూమిలో దొరికినదీ కార్బనే. కంటికి తేడా తెలియదు, గట్టిదనమూ ఒకటే. ధర మాత్రం గని వజ్రంలో చిన్న వంతు. 2023లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు అధ్యక్షుడి భార్యకు కానుకగా ఇచ్చిన ఏడున్నర క్యారెట్ల వజ్రం అలాంటిదే.

వజ్రం మనది కాదని కూడా ఎవరూ అనకండి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లాయి. పేరుపొందిన కొల్లూరు గని మన పాత నల్లగొండ జిల్లాకు ఎదురుగా, కృష్ణకు అవతలి గట్టున ఉండేది. ఇప్పుడది పులిచింతల నీటి కింద ఉంది. ఆ రాళ్లన్నీ గోల్కొండ పేరుతో అమ్ముడుపోయాయి. మనకు లేని సంప్రదాయం అంటే నేను ఒప్పుకోను.

పాలమూరు పంతులు

బాబూ, వజ్రం మనదే. కాదనలేదు. కానీ నిశ్చితార్థానికి వజ్రమే ఉండాలన్న భావన మన దగ్గర పుట్టలేదు. "వజ్రం శాశ్వతం" అన్న నినాదాన్ని 1947లో డి బీర్స్ కంపెనీ కోసం అమెరికాలో ఒక ప్రకటనల రచయిత్రి రాసింది. గోల్కొండ వజ్రాలు రాజుల కిరీటాల్లోకి వెళ్లాయి, మన తాతమ్మల వేళ్ల మీదికి రాలేదు. మన పెళ్లిలో ఉంగరానికి వేరే చోటుంది. తలంబ్రాలయ్యాక బిందెలో నీళ్లు పోసి ఉంగరం వేసి ఇద్దరి చేతులూ అందులో పెట్టిస్తారు. అక్కడ ఎవరి చెయ్యి చురుకైనదో చూస్తారు కానీ ఎవరి ఉంగరం ఎంత బరువని ఎవరూ అడగరు.

నువ్వు ప్రేమతో ఇచ్చావు, మీ ఆవిడ సంతోషించింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ అవసరానికి తీసుకెళితే ఆ రాయికి ఎంత ఇస్తారో ఒకసారి కనుక్కో.

ఔసలి ఇంటి కొడుకు, సూర్యాపేట

మా తాత, నాన్న, నేను, మూడు తరాలుగా ఇదే పని. ఇంత మాట్లాడారు కానీ ఉంగరం ఎలా చేస్తారో ఎవరూ చెప్పలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

వనపర్తి అక్క చెప్పింది నిజం. బోలు పని చేసి లోపల లక్క నింపి రాయి కూర్చుతారు. పని తప్పు కాదు, తూకం దాచడం తప్పు. హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత పరీక్షించి వేసిన ముద్ర, ఉన్న నగ బిల్లులో నికర తూకం, స్వచ్ఛత విడిగా రాయాల్సిందే. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే, ప్రతి నగకూ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఉంగరం లోపలి వైపు చూడండి. త్రికోణపు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 అన్న స్వచ్ఛత, ఆ సంఖ్య మూడూ ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఎక్కడ పరీక్షించారో వస్తుంది. హాల్‌మార్క్ ఉన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, తక్కువైన బంగారం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చూ కొన్నవారికి ఇవ్వాలని 2018 నాటి నిబంధన ఉంది.

మావంటి చిన్న పనివాళ్ల సంగతి వేరు. ఏడాది వ్యాపారం 40 లక్షలు దాటనివారికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. రెండు గ్రాములలోపు నగకూ కాదు. చెల్లెమ్మ ఔసలి దగ్గర చేయించుకుంటానంటే నాకు సంతోషమే, మా పని బతుకుతుంది. కానీ చేయించాక రిజిస్టర్ అయిన దుకాణం ద్వారా ముద్ర వేయించమని అడగాలి. మంచి పనివాడు దానికి నొచ్చుకోడు. మా తాత గీటురాయి మీద గీసి కంటితో 22 చెప్పేవాడు, తప్పేవాడు కాదు. అయినా రేపు నీ బిడ్డ దాన్ని అమ్మడానికి తీసుకెళ్లే చోట మా తాత ఉండడు.

ఇక లెక్క. నాలుగు గ్రాముల సాదా ఉంగరానికి తరుగు పది శాతం అంటే 4.4 గ్రాముల ధర కడతారు. దాని మీద మూడు శాతం జీఎస్టీ. చెక్కడం పని పెరిగితే తరుగు, మజూరి పెరుగుతాయి, అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. తులం లక్ష దాటిన రోజుల్లో ఆ తేడా చిన్నది కాదు.

వజ్రం కావాలనుకుంటే 22లో కూర్చవద్దు. ఆ బంగారం మెత్తన, రాయిని పట్టుకున్న కొమ్ములు వంగిపోతాయి. 18 క్యారెట్లు, అంటే వందకు 75 వంతుల బంగారం, తీసుకోండి. కొమ్ములు లేకుండా రాయి చుట్టూ అంచు కట్టి ఉంగరంతో సమంగా దింపే పని ఒకటుంది. అలా చేస్తే గ్లౌజుకు తగలదు. నకిరేకల్ తమ్ముడు చెప్పినట్టు ప్రయోగశాల వజ్రం వజ్రమే. రాయిలో వేడి ఎంత త్వరగా పారుతుందో చూసే మా దగ్గరి చిన్న పరికరం రెండింటినీ ఒకలాగే చూపిస్తుంది, తేడా చెప్పాలంటే పెద్ద యంత్రం కావాలి. అయితే దాని ధర ఏటేటా పడిపోతోంది. పెట్టుకోవడానికి కొనండి, దాచుకోవడానికి కాదు. సర్టిఫికెట్ ఉన్న రాయికైతే ఆ సంఖ్య సాధారణంగా రాయి అంచు మీద లేజరుతో రాసి ఉంటుంది, భూతద్దంతో చూపించమనండి.

కొలత సాయంత్రం ఇవ్వండి. పొద్దున చలికి వేలు సన్నబడి ఉంటుంది. లోపలి చుట్టుకొలత 52 మిల్లీమీటర్లయితే మన లెక్కలో సుమారు 12 నంబరు. దారం చుట్టి కొలిచి పంపితే తప్పుతుంది. ఇద్దరూ వచ్చి వేలు పెట్టి చూసుకోవాలి.

మిర్యాలగూడ తండ్రి

నాకు ఇద్దరు ఆడపిల్లలు. అందరూ అమ్మాయి తెలివిని మెచ్చుకుంటున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ నాన్న గురించి ఎవరూ ఆలోచించలేదు.

అల్లుడికి తులం పెడతానంటే అది డాబు అనుకోకమ్మా. నా పెద్ద కూతురి నిశ్చితార్థానికి నేను అప్పు చేసి మరీ పెట్టాను. పదిమంది ముందు నా బిడ్డ తలెత్తుకోవాలనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ అప్పు తీర్చడానికి రెండు పంటలు పట్టింది, ఆ ఉంగరం అల్లుడి బీరువాలో ఉంది. తప్పు చేశానా అంటే చేశానేమో. కానీ ఆ రోజు నా కూతురు "నాన్నా, నా జీతంతో నేను కొంటాను" అని ఉంటే నేను ఒప్పుకొనేవాడినా? ఒప్పుకొనేవాడిని కాదు. నొచ్చుకొనేవాడిని. మీ నాన్నను వాదనలో గెలవకు. ఆయనను వెంట తీసుకెళ్లు.

నల్లగొండ నర్సు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రోజులుగా ఒక్కొక్కరి మాటా రెండేసిసార్లు చదివాను.

పంతులుగారూ, ఎనిమిది అడగమన్న మీ మాట మీద చాలా ఆలోచించాను. మీరు చెప్పిన లోటు నిజమే. కానీ దాన్ని ఉంగరంలో పెట్టను. ఆ బంగారం గొలుసుగానో గాజులుగానో నా పేరుతో బిల్లు ఉండి రావాలని మా అమ్మకు చెప్పాను, ఆమెకు నచ్చింది. ఉంగరాలు మేం ఒకరికొకరు తొడిగేవి. అక్కడ ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ ఉంటే నాకు మనసొప్పదు.

ఆయనతో ఫోనులో గంటసేపు మాట్లాడాను. నకిరేకల్ తమ్ముడి మాటలు చదివి వినిపించాను. "నేను ఎంచేది ఒక్కటీ లేదా" అని ఆయన కూడా అన్నారు. నేను ఆ వైపు నుంచి చూడలేదు. సూర్యాపేట అన్న చెప్పినట్టు నా ఉంగరంలో అంచుతో సమంగా దింపిన చిన్న రాయి ఉంటుంది, 18 క్యారెట్లలో. రాయి ఎంచేది ఆయనే, నేను చూడను. ఆయనది 22లో సాదాది. బంగారం తూకం రెండింటికీ నాలుగు గ్రాములే.

మిర్యాలగూడ బాబాయ్, మీ మాట చదివి ఏడ్చాను. నిన్న సాయంత్రం నాన్నను తీసుకుని ప్రకాశం బజారు వెళ్లాను. ముందు దుకాణం బయటే నిలబడ్డారు. ఔసలి తూకం వేస్తుంటే లోపలికి వచ్చి పక్కన కూర్చున్నారు. నికర తూకం విడిగా రాయమని నేను అడగకముందే ఆయనే అడిగారు. తులం సంగతి వదిలేశారని చెప్పలేను. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద "ఆరు గ్రాములు చేయిద్దాం, ఇద్దరికీ ఆరు" అన్నారు.

ఆదివారం ఆయన జడ్చర్ల నుంచి వస్తున్నారు, కొలత ఇవ్వడానికి. మధ్యవర్తికి మా నాన్నే ఫోన్ చేస్తారట.