హవాయి వాళ్ళ హౌలె, మన హైదరాబాద్ హౌలే

హవాయి దీవుల్లో వాడే హౌలె అనే మాటకీ, తెలివితక్కువవాడు అని మనం హైదరాబాద్ యాసలో తిట్టే హౌలేకీ సంబంధం ఉందా అని ఒక అక్క అడిగిన ప్రశ్న చదివి పొద్దున్నే చాయ్ తాగుతూ పగలబడి నవ్వాను. అక్కడ హోనొలులులో చదువుకుంటున్న వాళ్ళబ్బాయితో పక్కింటి తెల్లాయన "నేను హౌలెని, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా" అన్నాడట. మనవాడు పెరిగిందేమో మల్కాజిగిరిలో. నవ్వు ఆపుకోలేక చచ్చాడట పాపం.

అక్కా, మన హౌలేగాడికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. హవాయి మాటలో హ, ఒ, లె విడివిడిగా ఉంటాయి, గబగబా అంటే హౌలె అని వినిపిస్తుంది. ఇప్పటి వాడుకలో తెల్లవాడు అని అర్థం. పాత అర్థం ఇంత ఇరుకు కాదు, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా, వచ్చినది ఏదైనా హౌలే. నల్లజాతి మనిషిని 'హౌలె ఎలెఎలె' అనడం కూడా ఉంది, ఎలెఎలె అంటే నలుపు. పుచ్చకాయ 'ఇపు హౌలె', అంటే పరాయి సొరకాయ. అచ్చం మనం సీమచింత అన్నట్టు. ఇంకో తమాషా, ప్రకాశం జిల్లా రైతులు పేపరు మిల్లులకు పెంచి అమ్మే సుబాబుల్ ఉంది చూడండి, దాని పేరు అక్కడ 'కోవ హౌలె'. కోవ వాళ్ళ సొంత చెట్టు, పడవలు చెక్కే గట్టి కలప. దాని లేత మొక్కలా కనిపించే ఈ మధ్య అమెరికా మొక్క వచ్చి ఎక్కడబడితే అక్కడ పరుచుకుంటే ఆ పేరు పెట్టేశారు.

ఇక ఈ మాట ఎలా పుట్టిందో చెప్పే ఊపిరి కథ ఒకటుంది. హా అంటే ఊపిరి, ఒలె అంటే లేని. తెల్లవాళ్ళు ముక్కూ ముక్కూ ఆనించి ఊపిరి పంచుకునే 'హోని' పలకరింపు చెయ్యకుండా చెయ్యి కలిపేవాళ్ళు కాబట్టి ఊపిరి లేనివాళ్ళు అయ్యారని. కథ బాగుంది, నేనూ చాలాకాలం నమ్మాను. కానీ ఊపిరి అనే హా దీర్ఘం, ఈ మాటలో హ హ్రస్వం. లేని అనే ఒలె ముందు గొంతు బిగించి వదిలే ఒక హల్లు ఉంది, ఇందులో అదీ లేదు. పలు, పాలు ఒకటే అంటే మనం ఊరుకుంటామా? పైగా ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ అక్కడ దిగి తెల్లవాళ్ళ రాక మొదలైంది 1778లో, అంతకు ముందుదని చెప్పే కూఆలిఇ రాజు స్తుతిలోనే ఈ మాట ఉంది. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందనే వాదన లాంటిదే ఇదీ, వినసొంపుగా ఉంటుంది కాబట్టి చావదు.

ఈ మాట ఒంటి రంగుతో పాటు హోదానీ చూస్తుందనే అసలు సంగతి హవాయి చెరకు తోటల్లో ఉంది. 1878 నుంచి మడైరా, అజోర్స్ దీవుల పోర్చుగీసు వాళ్ళని కూలీలుగా తెచ్చారు. యూరప్ వాళ్ళే, తెల్లవాళ్ళే, అయినా జనం నోట హౌలె కాలేదు. చైనా, జపాన్ కూలీలతో పాటు చేలో దిగినవాళ్ళు కదా, కొందరు 'లూనా'లు, అంటే మేస్త్రీలు అయ్యారు గానీ యజమానుల బంగళా మెట్లెక్కలేదు. 1930 జనాభా లెక్కల్లో కూడా పోర్చుగీసు వాళ్ళది ఒక గడి, "ఇతర తెల్లవారు" ఇంకో గడి. ఒంటి రంగే లెక్కయితే రెండు గడులెందుకు? మన దొర కూడా అంతే, తెల్లవాడూ దొరే, తెలంగాణ ఊళ్ళో గడీలో కూర్చున్నవాడూ దొరే.

1893లో హవాయి రాణి లిలిఉఒకలానిని గద్దె దించింది ఈ తోటల, వ్యాపారాల వర్గమే, ఓడ దిగిన అమెరికా సైనికులు అండగా ఉండగా. 1896లో బడి చదువు ఇంగ్లీషులోనే అని చట్టం తెచ్చారు. అందుకే ఈ మాట బరువు అనేవాణ్ణి బట్టి, గొంతుని బట్టి మారుతుంది. "ఆ హౌలె కుర్రాడు" అని గుర్తు చెప్పడానికి మామూలుగా వాడతారు, ముందు ఒక బూతు తగిలించారా, ఇక తిట్టే. 'హోఒహౌలె' అంటే తెల్లవాళ్ళ పోకడలు పోవడం, ఇది సొంతవాళ్ళని దెప్పడానికి.

మీ అబ్బాయిని మాత్రం హౌలె అనరులెండి. వాడు మలిహిని, కొత్తగా వచ్చినవాడు. కొన్నేళ్ళుంటే కమఆయిన అవుతాడు, నేలబిడ్డ అని. అక్కడి గుర్తింపు కార్డు చూపిస్తే హోటళ్ళలో ఆ పేరుతోనే తగ్గింపు కూడా ఇస్తారు. పక్కింటాయన అటు కమఆయినే, ఇటు హౌలె కూడా. ఆయన తనని తాను అలా అనుకోవచ్చు, మనవాడు నోరు జారి పిలవకుండా ఉంటే చాలు. నవ్వినందుకు ఏమైనా అడిగితే హైదరాబాద్ యాస మీదికి తోసెయ్యమనండి.