మానసిక ఆరోగ్య సంస్థ కార్యవర్గంలో ఖాళీ: దాతకా, పేషెంటు తల్లికా?

ఉద్దానం వాసి:
అందరికీ నమస్కారం. పలాస చుట్టుపక్కల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే ఒక చిన్న సొసైటీలో నేను కార్యవర్గ సభ్యుడిని. జీతం భత్యం లేని పని. నెలకోసారి సైకియాట్రిస్టును రప్పించి క్యాంపు పెడతాం. కొనుక్కోలేనివాళ్ళకు మందులిస్తాం. మధ్యలో మా వాలంటీర్లు ఊళ్ళు తిరిగి మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటారు.

కార్యవర్గంలో ఒక చోటు ఖాళీ అయింది. రెండు పేర్లు వచ్చాయి. ఒకరు జీడిపప్పు వ్యాపారి. మంచి మనిషి, చేతికి ఎముక లేదంటారే అలాంటివాడు. క్యాంపులకు వ్యాన్ కొనిస్తానన్నారు. రెండోవారు స్కిజోఫ్రీనియా ఉన్న ఒక అబ్బాయి తల్లి. పదో తరగతి చదివారు, జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తారు.

ఆ చోటు ఆమెకే ఇవ్వాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. ఈమధ్య మీటింగులో ఆ జబ్బుకిచ్చే రిస్పెరిడోన్ మాత్రలు ఇంకో కంపెనీవి కొందాం, చవకగా వస్తాయి అని ప్రతిపాదన వచ్చింది. అందరం తలూపేశాం. కొడుకు మందుల కోసం వచ్చిన ఆమె అప్పుడు వరండాలో కూర్చుని ఉన్నారు. లోపలి మాటలు విని గుమ్మం దగ్గరకొచ్చి, "బాబూ, ఆ మాత్ర ఏ రంగులో ఉంటుంది?" అని అడిగారు. మాకెవరికీ తెలియదు. "రంగు మారితే మావోడు మింగడు. నన్ను ఏదో పెట్టేసి చంపుతున్నావంటాడు. పక్కూరి పిల్లా అంతే" అన్నారు. ముందుగా వాలంటీర్లను పంపి, పాత మాత్రా కొత్త మాత్రా పక్కపక్కన పెట్టి చూపించి, అప్పుడే మార్చాలని తీర్మానం తిరగరాశాం. లెక్కల్లో మిగిలే డబ్బు మాకు కనిపించింది గానీ, మాత్ర నోట్లో పెట్టేవాళ్ళకు కనిపించేది మాకు కనిపించలేదు. మీరేమంటారు?

పద్దుల మనిషి:
ఆవిడ మాటకు విలువ ఉంది, కాదనను. కానీ మీరు చెప్పిన ఉదాహరణే మీ వాదనకు అడ్డం వస్తోంది. ఓటు లేకుండానే, గుమ్మం దగ్గర నిలబడే ఆవిడ మీ తీర్మానం మార్పించారు కదా! అలాంటప్పుడు ఆహ్వానితురాలిగా ప్రతి మీటింగుకూ పిలవండి, సరిపోతుంది. కార్యవర్గం అసలు పని పద్దులు సరిగ్గా ఉంచడం. ఆడిట్ చేయించాలి, రిటర్నులు వేయాలి, రిజిస్ట్రార్‌కు ఏటా కార్యవర్గ సభ్యుల లిస్టు ఇవ్వాలి, దాతలకు పన్ను రాయితీ వచ్చే రిజిస్ట్రేషన్ గడువు దాటకముందే రెన్యూవల్ చేయించాలి. వీటిలో ఒక్కటి తప్పినా దాతలు వెనక్కి తగ్గుతారు. ఊరికి మంచి చేద్దామని మొదలుపెట్టి, కాగితాలు కట్టలేక మూతపడిన సంస్థలను నా వృత్తిలో చూస్తూనే ఉన్నాను. మందులకు డబ్బు లేకపోతే ఏ రంగు మాత్రయినా ఎక్కడి నుంచి వస్తుంది?

కాశీబుగ్గ పెద్దాయన:
2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన మీద పడ్డప్పుడు కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ చెట్ల మీద అప్పు తెచ్చుకున్నవాళ్ళు, ఆ చెట్లనే కూతురి పెళ్ళికి ఆధారమనుకున్నవాళ్ళు తెల్లారేసరికి తోటలో కూర్చుండిపోయారు. చాలామందికి నెలల తరబడి నిద్ర లేదు. అప్పుడు బియ్యం, టార్పాలిన్లు మోయించింది ఈ వ్యాపారులే. వాళ్ళకూ తోటలు పోయాయి, అయినా పెట్టారు. వ్యాన్ ఇస్తానన్న మనిషికి కుర్చీ లేదంటే మనసు నొచ్చుకుంటుంది బాబూ. రేపు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

సోంపేట అక్క:
పెద్దాయన చెప్పింది నిజమే. ఆయనను గౌరవాధ్యక్షుడిగా పెట్టుకోండి, క్యాంపు ఆయన చేతులమీదుగానే ప్రారంభించండి. గౌరవం ఇవ్వడానికి మార్గాలు చాలా ఉన్నాయి. నిర్ణయం మాత్రం వేరే.

బొబ్బిలి వీణ:
నేను నర్సుని. పద్దుల మనిషి గారూ, మీరు డబ్బు గురించి చెప్పారు, నేను రిజిస్టర్ గురించి చెబుతాను.

నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో కార్యవర్గ సభ్యుడొకాయన ఉండేవారు. పెద్ద దాత. మీటింగు అయ్యాక ఆగి, కోఆర్డినేటర్‌ని పక్కకు పిలిచి, "ఫలానా ఇంటి పిల్ల మీ క్యాంపుకి వస్తోందా? మా మేనల్లుడికి సంబంధం అనుకుంటున్నాం. ఒక్కసారి పేరు చూసి చెప్పమ్మా" అన్నారు. కోఆర్డినేటర్ అమ్మాయి పేషెంట్ల రిజిస్టర్ మూసేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "సార్, అడిగినవాళ్ళెవరైనా నేను చెప్పలేను" అంది. ఆ మరుసటి ఏడాది ఆయన విరాళం రాలేదు. మూడు నెలలు ఆ అమ్మాయికి జీతం ఆలస్యంగా ఇచ్చారు.

ఆయనను చెడ్డవాడని అనను. మన ఊళ్ళలో పెళ్ళి సంబంధమంటే నలుగురినీ అడగడం మామూలే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచడం హక్కు. వచ్చేది దాతైనా తల్లైనా, మొదటి రోజే గోప్యతా పత్రం మీద సంతకం పెట్టించండి. కార్యవర్గం ముందుకు పేర్లు రాకూడదు, సంఖ్యలే రావాలి. ఎంతమంది కొత్తగా వచ్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఏ మందు అయిపోయింది, అంతే.

ఇంకో మాట. పేషెంట్ల హక్కులు కాపాడటానికి అదే చట్టం కింద పెట్టే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుల్లో జిల్లా జడ్జి స్థాయివారు, కలెక్టర్ ప్రతినిధి, డాక్టర్లు ఉంటారు. వాళ్ళ పక్కనే ఇద్దరు సభ్యులను మానసిక వ్యాధి ఉన్నవాళ్ళ నుంచో, చూసుకునేవాళ్ళ నుంచో, వాళ్ళ సంఘాలు లేదా స్వచ్ఛంద సంస్థల నుంచో తీసుకోవాలని చట్టమే రాసింది. జడ్జి పక్కన కూర్చోగలిగినవాళ్ళు మన సొసైటీ కార్యవర్గంలో కూర్చోలేరా?

పద్దుల మనిషి:
వీణ గారూ, రివ్యూ బోర్డు విరాళాలు వసూలు చేయదు, జీతాలు ఇవ్వదు. ఖర్చు ప్రభుత్వానిది. మన పరిస్థితి వేరు. గోప్యత గురించి మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అది ఎవరొచ్చినా ఉండాల్సిందే.

మందస కుర్రాడు:
ఇందాకటి నుంచి అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నాకు బైపోలార్ ఉంది. ఇంజినీరింగ్‌లో ఉండగా మొదలైంది. లిథియం వేసుకుంటాను, బ్లడ్ టెస్ట్ చేయించుకుంటాను, ఉద్యోగం చేసుకుంటున్నాను.

తల్లికి సీటిస్తే పేషెంటుకి ఇచ్చినట్టు కాదు. ఈ తేడా ఇక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదు. నాకు బాగా ఎక్కువైనప్పుడు మా అమ్మ విశాఖ తీసుకెళ్ళి చేర్పిద్దామంది. నేను ఇంటిదగ్గరే మందులు మారుద్దామన్నాను. అమ్మది భయం, నాదీ భయమే. కానీ రెండూ ఒకే భయం కాదు. ఆమెకు నేను ఏమైపోతానో అని, నాకు తలుపులు బయటి నుంచి వేసేస్తారేమో అని. అమ్మ కూర్చున్న కుర్చీలోంచి నా మాట వినబడదు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. నాకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో బాగున్నప్పుడే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. నా తరఫున మాట్లాడే ప్రతినిధిగా నాకు నచ్చినవాళ్ళ పేరు రాసుకోవచ్చు. అది అమ్మానాన్నలే కానక్కర్లేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డుకి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామందిని అక్కడ దింపి వెళ్ళింది ఇంటివాళ్ళే. చంపాలని కాదు, దర్గా దగ్గర నయమవుతుందని నమ్మి, వేరే దారి లేక. గొలుసులు వేయకూడదని ఇప్పుడు ఆ 2017 చట్టం 95వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అయినా చెబుతున్నాను, ఇంటివాళ్ళ ప్రేమ ఒక్కటే మాకు సరిపోదు.

కాబట్టి ఒక్క సీటు కాదు, రెండు ఇవ్వండి. ఒకటి చూసుకునేవాళ్ళకు, ఒకటి వ్యాధితో బతుకుతున్నవాళ్ళకు. ఓటు లేని ఆహ్వానితులంటారా, ఓటు లేనివాడి మాట నచ్చితే మినిట్స్‌లోకి వస్తుంది, నచ్చకపోతే రాదు. ఆవిడ ఆ రోజు వరండాలో ఉండటం మీ అదృష్టం. ఇంటికెళ్ళిపోయి ఉంటే?

ఇంకా కొన్ని చూడండి. రాత్రి మీటింగులు పెట్టకండి, మాలో చాలామందికి మందు వేసుకున్నాక కళ్ళు తెరుచుకోవు. కాగితాలు తెలుగులో, మీటింగుకి ముందే ఇవ్వండి. ఆవిడ కూలి పోగొట్టుకుని వస్తారు, ఆ పూట కూలీ బస్ చార్జీ ఇవ్వండి. ఇవేవీ చేయకుండా కుర్చీ వేస్తే ఫోటోకి తప్ప దేనికీ పనికిరాదు.

కాశీబుగ్గ పెద్దాయన:
బాబూ, నువ్వు చెప్పింది రెండుసార్లు చదివాను. తల్లీ కొడుకుల భయాలు వేరని నాకెప్పుడూ తట్టలేదు. రెండు సీట్లకు నేను ఒప్పుకుంటాను. కానీ వ్యాన్ సంగతి కూడా చూడండి. మందస కొండ మీది సవర గూడేల వాళ్ళు క్యాంపుకి రావాలంటే వ్యాన్ ఉండాలి. గర్వంతో దాన్ని వదులుకోవద్దు.

అడ్మిన్:
చర్చ బాగా సాగుతోంది, పేషెంట్ల పేర్లు, ఊళ్ళు రాయకండి. ఇది చదువుతూ మనసు బాగోలేనివాళ్ళు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఉద్దానం వాసి:
వ్యాపారి గారితో నేనే మాట్లాడాను. కార్యవర్గంలో చోటు లేకపోయినా వ్యాన్ ఇస్తారా అని సూటిగా అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు. ఆలోచించనివ్వాలి. కుర్చీ కోసమే ఇచ్చే వ్యాన్ అయితే, రేపు వీణ గారు చెప్పిన రిజిస్టర్ దగ్గరకొచ్చి ఆగుతుంది. నేను మాత్రం ఆ బేరానికి ఓటు వేయను.

ఆ తల్లితో కూడా మాట్లాడాను. సీటు ఇస్తామంటే సంబరపడతారనుకున్నాను. ఆమె అడిగింది ఒకటే: "నేను సంతకం పెట్టాక సొసైటీకి అప్పయితే నా ఇల్లు పోతుందా?" నాకు సరైన జవాబు తెలియక కనుక్కుని చెబుతానన్నాను. పద్దుల మనిషి గారూ, మీరే చెప్పాలి.

పద్దుల మనిషి:
మంచి ప్రశ్న. సంతకం పెట్టే ప్రతివాళ్ళూ అడగాల్సింది, చదువుకున్నవాళ్ళు కూడా అడగరు. రిజిస్టరైన సొసైటీ అప్పు మామూలుగా సభ్యుల సొంత ఆస్తి మీదికి రాదు. కానీ సొమ్ము దారి మళ్ళించినా, తెలిసి తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టినా, బ్యాంకులో సొంతంగా హామీ ఇచ్చినా బాధ్యత తప్పదు. ఖాళీ చెక్కు మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పండి. అర్థం కాకపోతే "చదివి చెప్పండి" అని మీటింగులోనే అడిగే హక్కు ఆవిడకుంది. పద్దులు చూడటం ఆవిడకు ఒక పూట కూర్చుని నేను నేర్పుతాను, డబ్బులేమీ వద్దు.

ఆహ్వానితురాలైతే చాలన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు, ఒక ఏడాది అలా చూసి తర్వాత ఓటు ఇవ్వడమే మేలని నాకిప్పటికీ అనిపిస్తోంది. అయినా మీరు రెండు సీట్లకే వెళ్ళేట్టయితే, మీ బైలాలో, అంటే సొసైటీ నియమావళిలో, కార్యవర్గ సంఖ్య ఎంతని రాసి ఉందో ముందు చూడాలి. ఉన్నది ఒక్క ఖాళీయే అయితే జనరల్ బాడీలో సవరణ తీర్మానం చేసి రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేశాకే రెండోవారిని తీసుకోగలరు. ఆ పేజీ ఫోటో పంపండి, ఈ ఆదివారం చూసి చెబుతాను.

మందస కుర్రాడు:
ఏడాది పరీక్ష పెట్టేట్టయితే ఇద్దరికీ పెట్టండి సార్, వ్యాపారి గారికి కూడా.