పిల్లలతో ప్రకృతి కేంద్రానికి: వెళ్లొచ్చినవాళ్లు జర చెప్పండి

హన్మకొండ_అమ్మ:
ఊరి పక్కనున్న ప్రకృతి కేంద్రంలో వచ్చే ఆదివారం కుటుంబాలందరినీ రమ్మంటున్నారు, టికెట్ లేదట. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు, అత్తమ్మ కూడా వస్తానంటున్నారు. హంటర్ రోడ్డు జూ లాగే ఉంటుందనుకుని పాప పులి కోసం కలలు కంటోంది, అక్కడ చెట్లు, కుంట, పిట్టలే అని చెప్తే మొహం మాడ్చుకుంది. రోజంతా గడుస్తుందా, విసుగొస్తుందా?

కాజీపేట_నాన్న:
పోయినేడు మేం ఇలాంటిదానికే వెళ్లాం అక్కా. పది గంటలకు అంటారు, అతిథులొచ్చి మైకు పట్టేసరికి పదకొండున్నర, అప్పటికి ఎండెక్కి పిట్టలన్నీ కొమ్మల్లోకి పోతాయి. మైకు దగ్గర నిలబడకుండా నేరుగా కుంట దగ్గరికి పోండి. ఇంట్లోంచి ఒక తెల్ల ప్లేటు, పాత టీ జాలీ తీసుకెళ్లండి. జాలీతో అంచున గడ్డిలోంచి నీళ్లు తీసి ప్లేట్లో పోస్తే, మట్టి ముద్దలా ఉన్నదే మెల్లగా కదులుతుంది, అది తూనీగ పిల్ల. కింది పెదవిని మడిచి మొహం కింద దాచుకుని ఉంటుంది, దోమ లార్వా దగ్గరికొస్తే చటుక్కున చాపి పట్టేస్తుంది. మావాడు అరగంట లేవలేదు, నేనూ లేవలేదనుకోండి. చూశాక నీళ్లతో సహా కుంటలోనే వదిలేయండి. బాబు చెయ్యి మాత్రం వదలొద్దు, అంచు జారుతుంది.

ఈతచెట్టు_కింద:
కుంట పక్కన ఈత చెట్లో తుమ్మ చెట్టో ఉంటే పైకి చూడండి, గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. వానాకాలంలో కట్టినవి ఇంకా ఉంటాయి. కొన్ని సగంలోనే ఆగిపోయి ఉంటాయి, అవి గాలికి తెగినవని మా పిల్లలు అనుకున్నారు. కాదు, మగ పిట్ట సగం అల్లి ఆడ పిట్టను పిలుస్తుంది, ఆమెకు నచ్చితేనే కింద పొడుగు గొట్టం అల్లుతుంది, నచ్చకపోతే అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. ఈ మాట వినగానే మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది, మా ఇంటి పై అంతస్తు మూడేళ్లుగా సగంలోనే ఉంది మరి.

పత్తిచేను:
అత్తమ్మను తప్పకుండా తీసుకెళ్లండి. మా అమ్మను తీసుకెళ్తే గైడు తమ్ముడు చెట్ల పేర్లు బోర్డు చూసి చదువుతుంటే ఈమె ముందే చెప్పేసేది, ఇది తుమ్మికూర, ఇది ఉత్తరేణి, అని. చివరికి అతనే ఆమె వెనక నడిచాడు. గొడవ గునుగు దగ్గర వచ్చింది. బతుకమ్మకు వారమే ఉంది, అక్కడ గునుగు తెల్లగా, గులాబీగా విరబూసి ఉంది, ఈమె పువ్వులు కోసి కొంగులో వేసుకుంటోంది. కాపలా ఆయన తెంపొద్దమ్మా అన్నాడు. "మా చేన్ల గడ్డిమందు కొట్టి ఒక్కటి మిగల్లేదు బిడ్డా, ఇక్కడ కూడా తెంపొద్దంటే యాడికి పోవాలె" అని ఆమె. ఆయన నవ్వి కోసినవి ఇచ్చేశాడు గానీ ఇంకా కోయనివ్వలేదు, అదీ న్యాయమే అనిపించింది నాకు.

కాజీపేట_నాన్న:
మర్చిపోయాను, టిఫిన్ డబ్బా సంచిలోంచి తీయకండి. సర్వపిండి మూత తీశానో లేదో కోతి ఎత్తుకెళ్లింది, డబ్బాతో సహా. పాలపిట్ట కోసం కూడా చూడండి, కూర్చున్నప్పుడు మట్టిరంగే, రెక్క విప్పితేనే ఆ నీలం. దసరా నాడు దాని కోసం ఊరి బయటకు పోయేవాళ్లం కదా, ఆ పిట్టే ఇప్పుడు మన రాష్ట్ర పక్షి.

హన్మకొండ_అమ్మ:
వెళ్లొచ్చాం, అందరికీ థాంక్స్. పులి ఊసే లేదు. జాలీ దెబ్బకు చెప్పులు, ఫ్రాకు అన్నీ బురద, అత్తమ్మ మాత్రం ఒక్క గునుగు కూడా కోయకుండా పక్కన కూర్చుని చూసి వచ్చారు. ఇప్పుడు కొత్త సమస్య. డాబా మీద నీళ్ల డ్రమ్ములో కూడా తలకిందులుగా వేలాడే పురుగులున్నాయని పాప కనిపెట్టింది. అవి దోమ లార్వాలే కదా, డ్రమ్ము కడుగుదామంటే "నా పురుగులు" అని ఏడుస్తోంది.

పత్తిచేను:
ఏడ్చినా కడగండి చెల్లే, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. మోరీలో పోయకండి, అందులోనూ బతుకుతాయి. ఎండిన మట్టి మీద పారబోయండి. తర్వాత మూత గట్టిగా కట్టండి. పాపకు కావాలంటే తూనీగల కోసం మళ్లీ కుంట దగ్గరికి తీసుకెళ్దాం, మేమూ వస్తాం, ఈసారి డబ్బా లేకుండా.