అమ్మకి తేలికైన వంట గిన్నెలు ఏవి కొనాలి?

తెనాలి అమ్మాయి:
అమ్మకి 72 ఏళ్లు. మణికట్లు, బొటనవేళ్ల కీళ్లు ఒకటే నొప్పులు, అయినా పొయ్యి దగ్గరికి ఇంకొకళ్లని రానివ్వదు. మొన్న గంజి వారుస్తుంటే గిన్నె జారి కాలి పక్కనే పడింది, అప్పట్నుంచీ నాకు టెన్షన్. ఇంట్లోవన్నీ మందపాటి స్టీలు గిన్నెలు, 5 లీటర్ల కుక్కరు, పోత ఇనుము పెనం. సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు కొందామంటే చింతపండు పులుసుకి పనికిరావంటున్నారు. ఏం కొనమంటారు?

వంటింటి బాబాయ్:
గిన్నె బరువు సరే, లోపల ఉన్నదాని బరువు మాటేంటి? లీటరు నీళ్లంటేనే కిలో. వండేది ఇద్దరికే అయితే 5 లీటర్ల కుక్కరు దేనికమ్మా, 2 లీటర్లది చాలు. హార్డ్ అనోడైజ్డ్ తీసుకో. అదీ అల్యూమినియమే కాబట్టి అంతే మందం ఉన్న స్టీలులో మూడో వంతే తూగుతుంది, పైన గట్టి పొర ఉంటుంది గనక పులుసు కాచినా మామూలు సిల్వర్ గిన్నెని తినేసినట్టు తినేయదు. ఇండక్షన్ వాడేట్టయితే అడుగుకి అయస్కాంతం అతుక్కుంటుందో లేదో చూసి కొను.

కాకినాడ కోడలు:
తేలికని మా అత్తగారికి పొడుగు పిడి ఉన్న మూకుడు కొన్నామండీ, నిండా కూర ఉన్నప్పుడు ఎత్తితే బరువంతా మణికట్టు మీదే పడి అది నెల తిరక్కుండా అటకెక్కింది. రెండు చెవులున్నవే కొనండి, మసిగుడ్డతో నిండుగా పట్టుకునేంత చెవులు. అలాగని మరీ రేకులాంటిది వద్దు, గరిటె తిప్పుతుంటే గిన్నే గిర్రున తిరుగుతుంది, రెండో చేత్తో పట్టుకోవాలి, పైగా అడుగంటుతుంది.

వరంగల్ వాసి:
ముందు గంజి వార్చుడు బంద్ చేయించండి. వార్చిన అన్నమే కావాలంటే గిన్నె ఎత్తకుండానే గంజిని గరిటెతో తోడి, మూతపెట్టి సన్న మంట మీద ఉంచితే అయిపోతుంది. పోత పెనం పొయ్యి మీదే ఉండనీయండి, దాన్ని దించే పని మీరు చేయండి. కుక్కరు మాత్రం ఆన్‌లైన్‌లో కొనకండి, అమ్మని దుకాణానికి తీసుకెళ్లి ఆమె చేత్తోనే మూత పెట్టించి, తీయించి చూడండి. మా అమ్మకి లోపలికి దూర్చే మూత అస్సలు పడలేదు.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్సండీ, అమ్మకి చదివి వినిపించా. గరిటెతో తోడటానికి ఒప్పుకుంది. 5 లీటర్ల కుక్కరు మాత్రం తీసేయనివ్వదట, సంక్రాంతికి మీరంతా దిగితే ఎందులో వండాలి అంటోంది.