1691 డచ్చి పుస్తకంలో పేజీలు పోయాయా? తెలిసినవాళ్లు చెప్పండి

పుస్తకప్రియ: మధ్యాహ్నం నుంచి దీంతోనే కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ ఊరి పుస్తకాల సంతలో కొన్న పాత డచ్చి పుస్తకం ఇది. రాసినాయన తత్వవేత్త, చర్చిలో ప్రబోధకుడు కూడా. పేజీల అడుగున గుర్తుగా వేసిన రోమన్ అక్షరాలు ఐ తర్వాత జే లేకుండా నేరుగా కే కి దూకాయి. ముందుకెళ్తే డబ్ల్యూ కూడా లేదు. సగంలో పేజీ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలు! అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు. చిరిగిన పుస్తకం అంటగట్టాడా? పైగా మొదటి పేజీల్లో ఎవరో సిరాతో గీకేశారు, అది బ్లీచ్‌తో పోతుందా? టెన్షన్‌గా ఉంది.

రాతప్రతి: రచయిత ఎవరు? ఏ ఊళ్లో అచ్చయింది? ఫొటో పెట్టండి.

అట్టలపని: ముందు ఆ బ్లీచ్ సీసా దూరంగా పెట్టండి. ఆనాటి కాగితం గుడ్డపీలికల నుంచి తీసింది, మూడు వందల ఏళ్లయినా గట్టిగా ఉంటుంది. రసాయనం తగిలితే మాత్రం పొడి అవుతుంది. అప్పట్లో రాతకు వాడిన సిరా మాచికాయలు, అన్నభేది కలిపి చేసింది. అసలు తడి తగలనివ్వకండి. చిరుగులకు సెల్లోటేప్ వేయొద్దు, దాని జిగురు మరక జన్మలో పోదు. తెల్లటి దూడ తోలు అట్ట అయితే హీటర్ పక్కన పెట్టకండి, వంకర్లు పోతుంది. గ్లౌజులు కూడా వద్దు. వేళ్లకు కాగితం అంచు తెలియక పేజీలు చిరిగిపోతాయి. చేతులు కడుక్కుని బాగా తుడుచుకుంటే చాలు.

పుస్తకప్రియ: అట్ట గురించి కాదండీ నేనడిగింది. రచయిత బాల్తజార్ బెక్కర్. పుస్తకం పేరు ‘డె బెటోవర్డె వేరెల్ట్’, అంటే ‘మంత్రం వేసిన ప్రపంచం’.

రాతప్రతి: ఇది మొదటే చెప్పాల్సిన ముక్క. జే లేకపోవడం లోపం కాదు. అచ్చువాళ్లు ఫారాలకు (మడిచి కుట్టే అచ్చు కాగితాలకు) గుర్తుగా 23 అక్షరాలే వాడేవారు. ఐ, జే ఒకటే లెక్క. యూ, వీ ఒకటే. డబ్ల్యూ ఉండదు. పేజీ నంబర్లు మళ్లీ మొదలైతే అక్కడ రెండో భాగం మొదలైందన్నమాట. ఆకులు పోయాయో లేదో చూడాలంటే, ప్రతి పేజీ అడుగున కుడివైపు ఒక మాట విడిగా ఉంటుంది. తర్వాతి పేజీ ఆ మాటతోనే మొదలవ్వాలి. అలా చివరిదాకా చూసుకోండి. తర్వాత డెల్ఫర్‌లో (పాత డచ్చి పుస్తకాల స్కాన్‌లు ఉండే వెబ్‌సైట్) స్కాన్ తెరిచి పోల్చండి.

ఇక ఆ సిరా గీతలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డానియెల్ వాన్ డెన్ డాలెన్ వేసిన ముద్రణలో, ఇది అసలు ప్రతి అని తెలియడానికి బెక్కర్ స్వయంగా సంతకం పెట్టేవాడు. దాన్ని చెరపబోతున్నారేమో చూసుకోండి!

ప్రళయకావేరి: డచ్చి ప్రబోధకుడంటే మనవాళ్లకు ముందు గుర్తు రావాల్సింది రోజేరియస్. 1630లలో పులికాట్ కోటలో ఉన్నాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుడి దగ్గర విని భర్తృహరి నీతి, వైరాగ్య శతకాలను డచ్చిలో పెట్టాడు. రోజేరియస్ పోయాక ఆ పుస్తకం 1651లో లైడెన్‌లో అచ్చయింది. మన చిన్నప్పుడు ఏనుగు లక్ష్మణకవి పద్యాల్లో చదువుకున్న ఆ భర్తృహరే. మన తీరం మీద పుట్టిన ఆ పుస్తకం గురించి ఒక్కరూ మాట్లాడరు, అదే నా బాధ.

హేతువు: బెక్కర్ గురించి మాట్లాడుకుందాం. దయ్యాలు, మంత్రగత్తెలు అంటూ మనుషులను చంపుతున్న కాలంలో అదంతా భ్రమ అని రాసిన హేతువాది. 1692లో చర్చి ఆయన్ని పదవి నుంచి తీసేసింది. బాణామతి పేరుతో ఇప్పటికీ కొట్టి చంపుతున్న మన ఊళ్లలో ఈ పుస్తకం తెలుగులో రావాలి.

రాతప్రతి: హేతువాది అనడం సరికాదు. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ప్రభావం ఉన్న మాట నిజమే. కానీ సైతాను లేడని ఆయన అనలేదు, భూమ్మీద వాడికి అధికారం లేదన్నాడు. దేవుడొక్కడికే ఆ శక్తి ఉందని బైబిల్‌తోనే వాదించాడు.

హేతువు: ఫలితం చూడండి సార్. భయం పోగొట్టాడా లేదా? ఆమ్‌స్టర్‌డామ్ నగరం కూడా 1698లో ఆయన పోయేదాకా జీతం ఆపలేదు.

రాతప్రతి: జీతం వేరు, నమ్మకం వేరు. పుస్తకప్రియ గారూ, మీది లేవార్డెన్‌దా, ఆమ్‌స్టర్‌డామ్‌దా? 1691లోనే రెండు చోట్లా అచ్చయింది. లేవార్డెన్‌ది చిన్న సైజు. అసలు మొత్తం నాలుగు భాగాలు, చివరి రెండూ 1693లో వచ్చాయి. మీ ప్రతిలో రెండే ఉంటే సగమే కొన్నట్టు. ధర దాన్ని బట్టే ఉంటుంది.

అట్టలపని: ఫొటో తీసేటప్పుడు పుస్తకాన్ని పూర్తిగా విప్పి నొక్కకండి, కుట్లు తెగుతాయి.

పుస్తకప్రియ: జే సంగతి తేలింది, అది చాలు. థాంక్స్ అండి. మిగతావి వీకెండ్‌లో చూస్తాను.