అప్‌డేట్: ఫెయిలైన రూట్ కెనాల్ మళ్లీ చేయించుకుంటున్నాను

పై దవడ పన్ను రూట్ కెనాల్ ఫెయిలై చిగుళ్ల మీద చీము పొక్కు వస్తోంది, మళ్లీ చేయించాలా, పీకించి ఇంప్లాంట్ పెట్టించాలా అని అడిగాను కదా. స్కాన్ తీయించమన్నవాళ్లకు చాలా థాంక్స్.

హన్మకొండలో ఎండోడాంటిస్ట్‌కు (రూట్ కెనాల్ స్పెషలిస్ట్) చూపించాను. మామూలు ఎక్స్‌రేలో తేలనిది సీబీసీటీలో (పన్నును 3డీలో చూపే స్కాన్) దొరికింది. పన్ను వేర్ల లోపలి మూడు కాలువల్లో తెల్లటి ఫిల్లింగ్ గీతలు, బుగ్గవైపు ముందు వేరులో మాత్రం పక్కనే సన్నని నల్ల గీత, దాని కొసన నల్ల మచ్చ, అంటే ఇన్ఫెక్షన్‌తో ఎముక కరిగిన చోటు. నాలుగో కాలువను ముట్టుకోనే లేదు! ఈ పన్నుకు అది తరచుగా ఉండేదేనట. వేరు పగిలి ఉంటే పీకడమే దారి అన్నారు. పగులు కనిపించలేదు, అందుకే రీట్రీట్‌మెంట్‌కు ఒప్పుకున్నాను. సొంత పన్ను నిలబడుతుందంటే వదులుకోబుద్ధి కాలేదు.

క్యాప్ తీసి, పాత ఫిల్లింగ్ తోడేసి, క్రిములను చంపే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టారు. చీము ఆగింది. ఎముక పూడటానికి నెలలు పడుతుంది. కొత్త క్యాప్ వేసేదాకా ఆ వైపు నమలొద్దన్నారు.