కారు లైట్లకి బ్లూ రంగు మనమే వేసుకోవచ్చా?

కావలి కుర్రోడు:
అన్నలూ, మాది పాత వ్యాగనార్. లోపల రూఫ్ లైటు, ముందర పార్కింగ్ లైట్లు బ్లూ చేద్దామని ఉంది. నెల్లూరులో ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే చెప్పిన రేటుకి గుండె ఆగినంత పనైంది. ఫ్యాన్సీ షాపుల్లో గ్లాస్ పెయింట్ దొరుకుతుంది గదా, అది తెచ్చి బల్బులకి నేనే పూసుకుంటే సరిపోదా? హెడ్‌లైట్లకి కూడా పల్చగా ఒక కోటింగ్ వెయ్యమని మా తమ్ముడు ఒకటే గోల.

ఒంగోలు వైరింగ్:
తమ్ముడూ, హెడ్‌లైట్ జోలికి మాత్రం పోబాకు. అందులో ఉండే హెచ్4 హాలోజెన్ బల్బు అంటే హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు, వెలిగిన కాసేపటికే చెయ్యి పెట్టలేం. ఆ వేడికి పెయింట్ మాడి పొగ, బల్బు వెనకాల మెరిసే రిఫ్లెక్టర్‌కి పొరలాగా పడుతుంది, ఆ తర్వాత కొత్త బల్బు వేసినా మసక మసకే. పైగా హాలోజెన్ వెలుగులో పసుపు, ఎరుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. నీలం పూత ఆ ఎక్కువున్నదాన్ని ఆపేసి తక్కువున్నదాన్ని వదుల్తుంది, ఇంక రోడ్డు మీద పడేదేముంది? తుపాను వానలో సింగరాయకొండ దగ్గర హైవే పక్కన లైట్లు లేని లారీ ఆగి ఉంటే నీకు అది కనపడాలి.

సింహపురి డ్రైవర్:
రూఫ్ లైటుకైతే నీ ఇష్టం. పెయింట్ కూడా ఎందుకు, బ్లూ ఎల్ఈడీనే కొనుక్కో, పెద్ద ఖర్చేం కాదు. కవర్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి నిదానంగా లేపు. పాత బల్బు ఫ్యూజులాగా పొడుగ్గా, రెండు చివర్లా లోహపు మూతలతో ఉంటే ఫెస్టూన్, 31, 36, 41 మిల్లీమీటర్లని సైజులుంటాయి కాబట్టి బల్బే తీసుకుని షాపుకి పో. పెట్టాక వెలగలేదని పారేయబాకు, ఎల్ఈడీకి ప్లస్ మైనస్ ఉంటాయి, తీసి తిప్పి పెడితే వెలుగుద్ది. కవర్ బిగించేది ఆ తర్వాతే.

కావలి కుర్రోడు:
థాంక్స్ అన్నా, హెడ్‌లైట్ ఆలోచన మానేశా. మరి పార్కింగ్ లైట్లు, వెనకవి?

ఒంగోలు వైరింగ్:
పార్కింగ్‌వి తెల్లవే ఉంచు. ముందుకి ఎరుపు, వెనక్కి ఎరుపు కానిది చూపించకూడదని సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనల్లో 108వది చెప్తుంది, నంబర్ ప్లేటు, రివర్స్ లైట్ల లాంటివి వేరే సంగతి. నీలం లైటు ఎదురొస్తే పోలీసు బండో అంబులెన్సో అనుకుని జనం తికమక పడతారు. వెనక ఎల్ఈడీ వేస్తే ఎర్ర కవర్‌కి ఎర్రదే వెయ్యి, తెల్లది పెడితే గులాబీ రంగు తిరుగుద్ది. ఇండికేటర్లకి వేస్తే టకటకా కొట్టుకుంటాయి, ఎల్ఈడీ కరెంటు తక్కువ లాగేసరికి బల్బు పోయిందని, ఇండికేటర్లని ఆర్పి వెలిగించే ఫ్లాషర్ అనుకుంటుంది.

సింహపురి డ్రైవర్:
రాత్రి బండి నడిపేటప్పుడు ఆ రూఫ్ లైటు ఆపెయ్ తమ్ముడూ, అద్దంలో మెరిసి ఎదురు రోడ్డు కనపడదు.